కెప్టెన్ టేబుల్

నేవీ కాక చనిపోయాడని మొన్న మా పాత గ్యాంగ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. తెల్ల యూనిఫాంలో, టోపీ నుదుటి మీదకి దించుకుని, మీసం ఇంకా సరిగా రాని రోజుల ఫోటో. కింద ఒక్కొక్కరే చేతులు జోడిస్తూ పోయారు. దేవుడిలాంటి మనిషి అని ఒకరు, అలాంటివాడు మళ్ళీ పుట్టడని ఇంకొకరు. నేను ఏమీ పెట్టలేదు. ఫోను కౌంటర్ మీద బోర్లా పడేసి, ఎదురుగా నిలబడ్డ కస్టమర్‌కి తాడు కొలిచి ఇచ్చాను. కొలత తప్పి మళ్ళీ మొదటినుంచీ కొలవాల్సి వచ్చింది.

దేవుడిలాంటి మనిషట. మీ అందరినీ అబద్ధాలకోరులని నమ్మి, ఆ నమ్మకంతోనే కాటికి పోయిన మనిషికి మీరు చేతులు జోడిస్తారా? మీకు రోషం లేకపోతే పోనీ, కనీసం జ్ఞాపకమైనా ఉండొద్దా? పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మంచి కూడా చెప్తాను, ఉన్నంత వరకూ. కానీ నేను ఇది రాయడానికి కూర్చున్నది కోపంతోనే. బతికుండగా ఫోనులో ఒకసారి తిట్టాను, అది చాలలేదు.

నేనిప్పుడు దుబాయ్‌లోని డేరాలో పడవలకి తాళ్ళూ రంగులూ అమ్మే దుకాణంలో పని చేస్తున్నాను. అంతకు ముందు అజ్మాన్ పక్కన ఓ చిన్న షిప్‌యార్డులో ఉండేవాణ్ణి. మరమ్మతుకి వచ్చిన పాత సరుకు ఓడల కడుపులో ట్యాంకులుంటాయి. వాటిలోకి దిగి తుప్పు కొట్టడం, రంగు వేయడం మా గ్యాంగ్ పని. పదిమందిమి. నాలాంటి జగిత్యాల వైపువాళ్ళే ఎక్కువ, నెల్లూరు నుంచి రఫీ ఒక్కడు. గ్యాంగ్‌కి పెద్ద ఈయన. భీమిలి పక్క పల్లె, వయసు అరవైకి దగ్గర. పేరు లేక కాదు, ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. నేను కాకా అన్నాను, రఫీ చాచా అన్నాడు, యార్డంతా నేవీ అంది.

పదిహేడో ఏట నేవీలో చేరాడట. మనవాళ్ళు బ్రిటిష్ వాళ్ళ దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్న ఓ పెద్ద యుద్ధనౌక, క్రూయిజర్ మీద, దాని ఆఖరి రోజుల్లో, బాయిలర్ గదిలో పని చేశాడు. తర్వాత ఇంకేవో ఓడల మీద కూడా చేశాడు కానీ వాటి ఊసే ఎత్తేవాడు కాదు. ఆయనకి ఓడంటే అదొక్కటే. దాని పేరేంటి కాకా అని అడిగితే, "అమ్మని పేరెట్టి పిలుత్తావేట్రా నువ్వు" అని కసిరేవాడు. చివరికి దాన్ని తుక్కు కింద అమ్మేశారట. ఆ సంగతి వచ్చినప్పుడు మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

క్యాంపులో మా గది ఆరుగురిది, ఒకరి మీద ఒకరు పడుకునే మంచాలు. ఆయన లెక్కలో అది గది కాదు, ఓడలో నావికులు ఉండే మెస్‌డెక్. గేటు దాటి ఎదురుగా ఉన్న బఖాలా కొట్టుకి పెరుగు ప్యాకెట్ కోసం వెళ్తుంటే, "షోర్‌కి పోతన్నావా" అని, ఓడ దిగి ఒడ్డుకి పోతున్నట్టు అడిగేవాడు. సెలవు రోజు పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని మంచాల మధ్య తనిఖీకి తిరిగేవాడు. మంచం పట్టీ మీద వేలు రాసి, ఆ వేలు మన ముఖం ముందు పెట్టేవాడు. ఓసారి నా బనియను కర్టెన్ తాడు మీద కనబడితే, "ఇదేటి, జెండా ఎగరేసేవా? ఏ దేశానిది?" అన్నాడు. గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఈల మీద మాత్రం నిషేధం. ఓడ మీద ఈల వేసే హక్కు ఒక్కడికే ఉంటుందట, ఆ ఈల వినబడితే అందరూ పరిగెత్తాల్సిందేనట. రఫీకి పాట రాదు, ఈలే వచ్చు. పాపం బాత్రూములో దూరి వేసుకునేవాడు. "అక్కడేత్తే నాకినపడదనుకున్నావేట్రా" అని ఈయన బయటినుంచి తలుపు బాదేవాడు.

పనిలోకి వచ్చాక మాత్రం వేళాకోళం లేదు. ట్యాంకులోకి వెళ్ళే దారిని మేన్‌హోల్ అంటారు, భుజాలు ఏటవాలుగా తిప్పితే గానీ మనిషి పట్టడు. లోపల నడుం వంచి నిలబడాలి. థిన్నర్ వాసన తలకెక్కుతుంది. మేం లోపల ఉన్నంతసేపూ కాక మేన్‌హోల్ మీద నిలబడేవాడు. సుత్తితో ఇనుము మీద మూడు దెబ్బలు కొట్టి, "లోపలా?" అని అరిచేవాడు. "ఉన్నం కాకా" అని ఒక్కొక్కరం జవాబు చెప్పాలి. రోజంతా ఇదే పని. ఓసారి నా జవాబు విని, "నీ గొంతు మారింది, పైకి రా" అన్నాడు. బాగానే ఉన్నానని వాదించాను. "రమ్మన్నాను" అన్నాడు. పైకి వచ్చాక కూర్చోలేక అక్కడే పడిపోయాను. నా గొంతులో ఏం విన్నాడో నాకిప్పటికీ తెలియదు. ఆ రోజు నన్ను బతికించాడు. ఇది రాయకపోతే నేనూ ఆ మేనేజర్ లాంటివాణ్ణే అవుతాను.

మేనేజర్ సంగతికి వస్తాను. ముందు కెప్టెన్ టేబుల్ గురించి చెప్పాలి, ఎందుకంటే మా కొంప ముంచింది అదే.

క్రూయిజర్ మీద ఏడెనిమిది వందల మంది ఉండేవారట. వారానికోసారి ఒక బల్ల వేస్తారు, దాని వెనక కెప్టెన్ నిలబడతాడు. బాయిలర్ దగ్గర మసి తుడిచేవాడైనా సరే, వెళ్ళి తన మాట తను చెప్పుకోవచ్చు. దానికి రెండే కట్టుబాట్లు. అడగడానికి వెళ్ళినవాడు టోపీ తీయడు, సెల్యూట్ చేసి నిలబడతాడు. తప్పు చేసి దొరికినవాడే టోపీ తీయాలి. రెండోది, ఎవడి మాట వాడిదే. ఇద్దరు కలిసి వెళ్ళి చెప్పారా, అది ఫిర్యాదు కాదు, మ్యూటినీ. అంటే తిరుగుబాటు. "గుంపుగా పోయినోడు నేరస్థుడు, ఒక్కడిగా పోయినోడు నావికుడు" అనేవాడు కాక, అన్నంలో రసం పోసుకుంటూ.

ఆయన కూడా ఒకసారి ఆ బల్ల ముందు నిలబడ్డాడట. తల్లికి జబ్బు చేసిందని కబురొస్తే, పైవాడు సెలవివ్వనన్నాడు. ఈయన టేబుల్‌కి వెళ్ళాడు. కెప్టెన్ విన్నాడు, సెలవిచ్చాడు. తల్లి ప్రాణం పోయే వేళకి పక్కన ఉండగలిగాడు. ఆ ఒక్క సెలవు ఈ మనిషిని జన్మంతా కెప్టెన్లందరికీ కట్టిపడేసింది. ఇంకొకటి కూడా చెప్పేవాడు. యుద్ధం అలారం మోగితే బాయిలర్ గది మీది మూత పైనుంచి బిగించేస్తారట. "కింద మేం, పైన మూత. నీళ్ళొత్తే అంతే సంగతి. మూతేసినోడే వచ్చి తీత్తాడని నమ్మి పని సెయ్యాల. నమ్మకపోతే ఒక్క పూట కూడా అక్కడుండలేవు." ఈ మాట చెప్తున్నప్పుడు కళ్ళలో భయం ఉండేది కాదు, ఒకలాంటి గర్వం ఉండేది. నాకు ఆ గర్వం మొదటినుంచీ నచ్చలేదు.

ఓ చలికాలం ఏదో దేశపు యుద్ధనౌక దుబాయ్ రేవుకి వచ్చింది. క్రూయిజరని ఎవరో చెప్పగానే ఈయన నన్నూ రఫీనీ లేవగొట్టి, అజ్మాన్ బస్సులో డేరా తీసుకొచ్చాడు. ఓడ దగ్గరికి మమ్మల్ని ఎవడు రానిస్తాడు? కాలువ దాటించే అబ్రా పడవల స్టేషన్ దగ్గర నిలబడ్డాం. సాయంత్రానికి తెల్ల బట్టల నావికులు గుంపులు గుంపులుగా వచ్చారు, అత్తరు సీసాలు బేరమాడుతూ. కాక తిన్నగా వాళ్ళ దగ్గరికి నడిచి, మడమలు కలిపి నిలబడి, ఇంగ్లీషులో తన నంబరు, తన ఓడ పేరు చెప్పాడు. మాకు ఎన్నడూ చెప్పని పేరు వాళ్ళకి చెప్పాడు. కుర్రవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన మాత్రం చేతిలోని ఐస్‌క్రీమ్ పక్కవాడికిచ్చి, సర్దుకుని నిలబడి, సెల్యూట్ చేశాడు. అంతే. దానికి ఈయన తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంటూనే ఉన్నాడు. రఫీ నా చెవిలో, "చాచాకి ఇంక వారం రోజులు అన్నం అక్కర్లేదబ్బా" అన్నాడు. ఆ రోజు ఆయన మీద నాకు చాలా ప్రేమ కలిగింది. అందుకే తర్వాత అంత కోపం.

కరోనా సద్దుమణిగిన తర్వాతి ఎండాకాలం. యార్డుకి పని మీద పని వచ్చిపడింది. ట్యాంకులోకి గాలి తోలే ఫ్యాన్‌ని బ్లోవర్ అంటారు, పసుపుపచ్చ గొట్టం తగిలించి మేన్‌హోల్లోకి దించుతారు. మూడు ట్యాంకులకి మూడు ఉండాలి. రెండు కాలిపోయాయి. ఉన్న ఒక్కదాన్నే పూటకో ట్యాంకుకి మార్చుకోమన్నారు. ఎండాకాలం మధ్యాహ్నం బయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం ఉంది. మా మేనేజర్, యార్డు భాషలో ముదీర్, ఆ చట్టానికి తన భాష్యం తను చెప్పాడు. "టాంక్ కే అందర్ ధూప్ కహా హై?" ట్యాంకు లోపల ఎండ ఎక్కడుంది అని. నవ్వుతూనే అన్నాడు. వాడు మనదేశం వాడే. తనిఖీకి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే, ఆ ఒక్కరోజుకి రెండు బ్లోవర్లు అద్దెకి తెప్పించి, సాయంత్రానికి తిప్పి పంపేసేవాడు.

మా గొంతులు మారుతున్నాయని కాక రోజుకి నలుగురైదుగుర్ని పైకి లాగేవాడు. పని వెనకబడిందని ఆయన్ని మేనేజర్ తిట్టేవాడు. ఒకరోజు రఫీ పైకి వచ్చి వాంతి చేసుకున్నాడు. ఆ సాయంత్రం గదిలో వాడే మాట లేవదీశాడు.

"రేపు పొద్దున బస్సెక్కొద్దు. అందరం కలిసి ముదీర్ ముందర నిలబడదాం. బ్లోవర్లు పెట్టేదాకా దిగేది లే, ఖలాస్."

"అది మ్యూటినీ" అన్నాడు కాక.

"కాదు చాచా, అది ప్రాణం."

"నా మాటిను. గుంపుగా పోతే ఎవుడు ముందున్నాడో ఆణ్ణి పట్టుకుంటారు. మిగిలినోళ్ళకి టికెట్ కొట్టి పంపేత్తారు. ఒక్కొక్కడే పోవాల. ఉతికిన సొక్కా ఏసుకుని, మర్యాదగా, ఎవుడి మాట ఆడు సెప్పాల. పది మంది ఒకే మాట సెప్తే ఏ కెప్టెనూ కాదనలేడు."

ఇక్కడ గుంపుగా పని ఆపితే ఏమవుతుందో మాకూ తెలుసు. అందుకని ఆయన మాట సబబుగానే అనిపించింది. లేబర్ ఆఫీసుకి ఫోన్ చేద్దామని నేనంటే, ముందు మన కెప్టెన్‌కి చెప్పకుండా ఆయన తల మీంచి పోకూడదన్నాడు. ఎవడి కెప్టెన్? ఏ కెప్టెన్? ఆ నూనె తల మేనేజర్‌గాడిలో ఈయనకి కెప్టెన్ ఎలా కనబడ్డాడో నాకు అంతుపట్టదు. కానీ కనబడ్డాడు. ఆ రాత్రి అందరి చొక్కాలూ ఆయనే ఇస్త్రీ చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం వేళ కేబిన్‌కి ఒక్కొక్కరం వెళ్ళాం. మొదటివాణ్ణి నేనే. ఏసీ చల్లగా ఉంది. మేనేజర్ కూర్చోమన్నాడు, చల్లటి మజ్జిగ ప్యాకెట్ చేతికిచ్చాడు. రెండు బ్లోవర్లు పోయాయి సార్, లోపల ఊపిరాడట్లేదు, ఎవరో ఒకరు చచ్చిపోతారు అని చెప్పాను. హిందీలో చెప్పాను, తప్పుల్లేకుండా చెప్పాను. "అచ్ఛా, అచ్ఛా. దేఖ్ లేంగే" అన్నాడు, చూద్దాంలే అని. నా తర్వాత రఫీ. ఆ తర్వాత మిగిలినవాళ్ళు. బయటికి వచ్చిన ప్రతివాడి చేతిలోనూ మజ్జిగ ప్యాకెట్ ఉంది. ఏం చెప్పావురా అంటే, ప్రతివాడూ బ్లోవర్ మాటే చెప్పానన్నాడు. చెప్పారని నాకెలా తెలుసంటారా? ఆ కేబిన్ గోడలు రేకువి. నేను బయట దాని నీడలోనే కూర్చున్నాను. మిగతా ఎనిమిది మంది నోటా బ్లోవర్ మాట నా చెవులతో విన్నాను.

ఆఖర్న కాక వెళ్ళాడు. నీలం రంగు పాత టోపీ ఒకటి ఉండేది ఆయనకి. దాన్ని సరిచేసుకుని, తలుపు దగ్గర సెల్యూట్ చేసి, టోపీతోనే లోపలికి అడుగు పెట్టాడు. లోపల మాటలు తక్కువగా, మెల్లగా సాగాయి, నాకు సరిగా వినబడలేదు. బయటికి వచ్చేటప్పుడు టోపీ చేతిలో ఉంది.

మా ముందుకి వచ్చి ఒక్కొక్కరి ముఖం చూశాడు. "ఎవులూ ఏటీ సెప్పలేదంటగా" అన్నాడు.

"ఎవరన్నరు?" అన్నాను.

"ఆయనే. తొమ్మండుగురొచ్చారు, అంతా బాగుందన్నారు, నువ్వొక్కడివే గొడవ సేత్తన్నావు అన్నాడు."

"అబద్ధం కాకా. నేను చెప్పిన. రెండు బ్లోవర్లు ఖరాబైనయని చెప్పిన. అందరు చెప్పిన్రు. నేను గోడపొంటి కూసోని విన్న."

"అల్లా తోడు చాచా, నేను చెప్పినా. వాంతి అయిన సంగతి గూడా చెప్పినా" అన్నాడు రఫీ.

కాక తల అడ్డంగా ఊపాడు. "బల్ల ఎనకాతల కూకున్నోడు అబద్ధమాడతాడేట్రా? ఆయనకేటి అవసరం? మీకుంది అవసరం. పెళ్ళాం పిల్లలున్నోళ్ళు. లోనకెళ్ళాక నోరు రాలేదు. భయం తప్పు కాదు. ఒప్పేసుకోండి, ఏటీ అన్ను."

ఇంతకన్నా అవమానం నాకు ఈ దేశంలో జరగలేదు. పని చేయించుకుని తిట్టినవాళ్ళున్నారు, నెట్టినవాళ్ళున్నారు. కానీ నా గొంతు వింటే నా ప్రాణం సంగతి తెలుసుకోగల మనిషి, ఆ గొంతుతోనే నేను నిజం చెప్తుంటే వినిపించుకోలేదు. రఫీ కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, కోపంతో. "పద చాచా, ఇప్పుడే అందరం పోదాం. నీ ముందరే అడుగుతాం ఆ ముదీర్ని. ఎవరిది అబద్ధమో నీకే తెలుస్తాది" అన్నాడు.

అందరం లేచాం. కాక కేబిన్ మెట్ల ముందు చేతులు రెండూ చాపి నిలబడ్డాడు. "గుంపుగా వద్దు. నా పీనుగు మీంచి పోండి" అన్నాడు. నిజం తేలాలంటే కలిసి వెళ్ళడం ఒక్కటే దారి, కలిసి వెళ్ళడం ఆయన ధర్మంలో నేరం. ఇక ఆ మనిషికి ఏం చెప్తారు, ఎలా చెప్తారు? ముసలాయన్ని తోసేయడానికి మాకెవరికీ చేతులు రాలేదు. గాజు కిటికీ వెనక మేనేజర్ ఇదంతా చూస్తూ మజ్జిగ తాగుతున్నాడు.

ఆ వారంలోనే ఆయన వీసా క్యాన్సిల్ చేశారు. కుర్రాళ్ళని రెచ్చగొడుతున్నాడని కారణం చెప్పారు. వెళ్ళేదాకా రోజూ మేన్‌హోల్ మీద నిలబడ్డాడు, సుత్తి కొట్టాడు, "లోపలా?" అని అరిచాడు. అంతకుమించి మాతో ఒక్క మాట లేదు. గదిలో తనిఖీలు లేవు. రఫీ కావాలని గది మధ్యలో నిలబడి ఈల వేశాడు, తిట్టించుకుందామని. ఈయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వెళ్ళే రోజు మాకు చెప్పలేదు. కేబిన్‌కి మాత్రం వెళ్ళాడు. మేనేజర్‌కి సెల్యూట్ చేసి, సెలవు తీసుకుని, వ్యాన్ ఎక్కాడు. మేం ట్యాంకులో ఉన్నాం.

ఆ తర్వాత మేన్‌హోల్ మీద ఎవరినీ పెట్టలేదు. అది మనిషి దండగట. నేను లేబర్ ఆఫీసుకి ఫోన్ చేశాను. వాళ్ళు వచ్చిన రోజు మూడు బ్లోవర్లూ తిరుగుతున్నాయి. వాళ్ళు వెళ్ళాక ఒకటే మిగిలింది.

రెండు నెలలు కాలేదు. ఒక మధ్యాహ్నం మా ట్యాంకు నుంచి పైకి వచ్చి, పక్క మేన్‌హోల్లోకి వంగి రఫీని అన్నానికి రమ్మని పిలిచాను. పలకలేదు. లైటు వెలుగుతోంది. బ్రష్షు చేతిలోనే ఉంది. ఎంతసేపటినుంచి అలా ఉన్నాడో ఎవరికీ తెలియదు, ఎందుకంటే వాణ్ణి అడిగే గొంతు లేదు. ఆసుపత్రిలో గుండె ఆగిందని రాశారు. ఎవరిదైనా చివరికి గుండే కదా ఆగేది.

ఆ సాయంత్రం భీమిలికి ఫోన్ చేశాను.

"కాకా, రఫీ పోయిండు. ట్యాంకుల."

"మేన్‌హోల్ మీద ఎవుడున్నాడు?" అని అడిగాడు.

"ఎవరు లేరు."

"బ్లోవరు?"

"లేదు."

ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఆ రోజు బల్ల కాడ మీరు నిజం సెప్పుంటే, ఆ కుర్రోడు బతికేవోడురా" అన్నాడు.

నాకు తెలిసిన బూతులన్నీ తిట్టాను. ఆయన్నీ, ఆయన క్రూయిజర్నీ, కెప్టెన్నీ, ఆ నేవీ మొత్తాన్నీ. నీ కెప్టెన్‌గాడు అబద్ధమాడాడు, నువ్వు నమ్మావు, నువ్వు అడ్డం నిలబడకపోతే రఫీ బతికేవాడు అని అరిచాను. క్యాంపులో అటూ ఇటూ గదులవాళ్ళు బయటికి వచ్చారు. ఆయన మొత్తం విన్నాడు. విని, "ఏడు నాయినా. లోపల్లోపల ఎట్టుకుంటే పురుగులా తింటాది" అన్నాడు. నా కోపాన్ని కూడా ఆయన తప్పు చేసినవాడి బాధ కిందే లెక్కేశాడు. ఇక ఆయనకి ఫోన్ చేయలేదు. యార్డు మానేసి డేరా వచ్చాను.

పోయిన ఏడాది ఆ మేనేజర్ మా దుకాణానికి వచ్చాడు. ఇప్పుడు ఇంకా పెద్ద యార్డులో ఉన్నాడట, ఒళ్ళు కూడా చేశాడు. నన్ను గుర్తుపట్టి బాగున్నావా అన్నాడు. నేవీ ముసలాయన ఎలా ఉన్నాడన్నాడు. "బహుత్ సీధా ఆద్మీ థా, చాలా అమాయకుడు. వీళ్ళెవరూ ఏమీ అనలేదు అని ఒక్క మాటన్నాను, అంతే, టోపీ తీసేసి సారీ చెప్పాడు. అలాంటివాణ్ణి నేనెక్కడా చూడలేదు" అని హిందీలో చెప్తూ, తల్చుకుని నవ్వాడు.

"రఫీ గుర్తున్నాడా సార్?" అన్నాను.

"కౌన్ రఫీ?" అన్నాడు.

మా సేఠ్ పక్కనే ఉన్నాడు. బిల్లు రాసి ఇచ్చాను. డబ్బాలు మోసి వాడి బండిలో కూడా పెట్టాను.

గ్రూపులో ఫోటో చూసిన మర్నాడు, ఇక ఉండబట్టలేక కాక నంబరుకి చేశాను. ఆయన భార్య ఎత్తింది. ఎవరినో చెప్పాను.

"ఆ, జగిత్యాల కుర్రోడివి కదూ. నీ మాట శానా సెప్పేవోరు" అంది. జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడట. ఆఖర్న కూడా సుత్తి కొడుతున్నట్టు మంచం పట్టీ మీద వేళ్ళతో కొట్టాడట. రఫీ పోయిన రోజున ఏటేటా మసీదు దగ్గర పదిమందికి అన్నం పెట్టించేవాడట. ఆ మనిషిని తిట్టడానికి కూర్చున్నవాణ్ణి, ఆ ఒక్క నిమిషం మాత్రం తిట్టలేకపోయాను.

అప్పుడు ఆమే అంది. "మీ మీద ఆయనకి కోపం లేదు బాబూ. పాపం పిల్లలు గలోళ్ళు, భయపడిపోయారు, ఆళ్ళనేటంటాం అనేవోరు. ఎప్పుడో సెమించేసేరు."

"అమ్మా, మేం అందరం చెప్పినం" అన్నాను. "ఒక్కొక్కరం పోయి చెప్పినం. రఫీ చెప్పిండు. అబద్ధమాడింది ఆ మేనేజరే. నవ్వుకుంట నా ముందటనే ఒప్పుకున్నడు. మేం చెప్పినమమ్మా."

ఆమె, ఏడుస్తున్న పిల్లవాణ్ణి ఊరుకోబెట్టే గొంతుతో అంది.

"పోన్లే బాబూ. సెమించేసేరని సెప్తన్నాను కదా. ఇంక మనసులో ఎట్టుకోకు."